స్విండన్ ఎవాన్స్: 1881లో ఉన్నారు, 1871లో లేరు. మా ముత్తాత కోసం సాయం కావాలి

లాలాగూడ మనవడు (సికింద్రాబాద్):

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక్కణ్నే వెతుక్కుంటున్నాను, ఇక నా వల్ల కావట్లేదని ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మమ్మ వాళ్ల నాన్న ఇంగ్లండ్ మనిషి. స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్ఖానాలో ఇంజన్ ఫిట్టర్‌గా పని నేర్చుకుని, నిజాం రైల్వే వాళ్లు 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టినప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంటిపేరు ఎవాన్స్. మొదటి పేరు పెట్టను, మా వాళ్లలో అదే పేరున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అమ్మమ్మ గుంటూరు నుంచి వచ్చిన మా తాతయ్యను చేసుకుంది, అక్కణ్నుంచి మా ఇంట్లో అంతా తెలుగే.

నా దగ్గర ఉన్నవి మూడే. ఒకటి, 1894లో సికింద్రాబాద్‌లో పెళ్లి నమోదు. అప్పట్లో ఇక్కడి చర్చి నమోదులకు నకలు తీసి లండన్‌కు పంపేవాళ్లు, మద్రాసు వైపువి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి, అందులో దొరికింది. వయసు 32, తండ్రి పేరు ఉంది, తల్లి పేరు లేదు. రెండు, 1881 జనాభా లెక్కల్లో స్విండన్‌లో ఎవరింట్లోనో అద్దెకు ఉంటున్న 19 ఏళ్ల ఫిట్టర్, పుట్టింది స్విండన్‌లోనే అని రాసి ఉంది. మూడు, ఒక బహుమతి పుస్తకం. అట్ట లోపల అచ్చు చీటీ అతికించి ఉంది, "క్రమం తప్పకుండా బడికి వచ్చినందుకు, న్యూ స్విండన్, 1873" అని. బడి పేరున్న పై భాగం చిరిగిపోయింది. ఆయన పేరు సిరాతో రాసి ఉంది కానీ ఇంటిపేరు దగ్గర కాగితం గరుగ్గా, పల్చగా ఉంది. పురుగు కొట్టిందని అమ్మ అంటుంది.

1871లో మాత్రం ఎక్కడా లేరు. ఆయన వయసుకు సరిపడే ఎవాన్స్ పిల్లలందర్నీ చూశాను. పైగా ఒక తప్పు చేశాను. స్విండన్ పుట్టుకలు హైవర్త్ జిల్లా కింద నమోదయ్యేవి కదా, అక్కడ 1861లో అదే పేరుతో ఒక పుట్టుక కనబడితే, తండ్రి పేరు కూడా కలిసిందని డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పించాను. రెండు నెలలు ఆ తల్లి వైపు వంశవృక్షం గీస్తూ కూర్చున్నాను. తర్వాత చూస్తే ఆ పిల్లాడు ఏడాది నిండకుండానే పోయాడు. అమ్మకు 92 ఏళ్లు. ఆవిడకు ఒక తల్లి పేరు చెప్పి, మళ్లీ "కాదమ్మా, ఆవిడ మనావిడ కాదు" అని చెప్పాల్సి వచ్చింది.

పాతకాగితాలు (రెడింగ్):

అన్నయ్యా, ఆ పొరపాటు అందరం చేశాం, నేనైతే రెండుసార్లు. ఇక మీదట ఏ పుట్టుక దొరికినా ముందు అదే జిల్లాలో తర్వాతి ఐదేళ్ల చావుల సూచీలో ఆ పేరు ఉందేమో చూసి అప్పుడు డబ్బు కట్టండి. రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు వాళ్ల సొంత సూచీలో 1837 నుంచి పుట్టుకలకు తల్లి పుట్టింటి ఇంటిపేరు, చావులకు వయసు కూడా ఇస్తారు. మిగతా సైట్లలోని పాత సూచీల్లో తల్లి పుట్టింటి పేరు 1911 తర్వాతే కనబడుతుంది. ఈ తేడా తెలియక చాలామంది తప్పు కాగితం కొంటారు.

1871 సంగతి. మనం తెర మీద చూసేది ఆ ఇంటివాళ్లు నింపిన కాగితం కాదు. ఇంటింటికీ ఫారం ఇచ్చి, తర్వాత వాటిని పోగుచేసి, లెక్కలవాడు తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. ఇంటివాళ్ల ఫారాలు నాశనం చేశారు. సొంత చేతిరాత కనబడేది 1911 నుంచే. కాబట్టి 1871లో చెప్పినవాడి యాస ఒకటి, రాసినవాడి చెవి ఒకటి, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించినవాడి కన్ను ఒకటి. మూడు చోట్లా పేరు మారొచ్చు. ఎవాన్స్ ఓవెన్స్ అయి ఉండొచ్చు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొదటి పేరు, వయసుకు రెండేళ్లు అటూ ఇటూ, పుట్టిన ఊరు స్విండన్ అని పెట్టి వెతకండి.

ఇంకో మాట. ఎవాన్స్ వేల్స్ పేరు. స్విండన్‌లో 1861లో రైలు పట్టాలు తయారుచేసే రోలింగ్ మిల్లు మొదలైనప్పుడు వేల్స్‌లోని ట్రెడెగార్ వైపు నుంచి ఇనుము పనివాళ్లను కుటుంబాలతో సహా తెచ్చారు. వాళ్ల కోసం కట్టిన వీధి పేరు కేంబ్రియా ప్లేస్, ఇప్పటికీ ఉంది. మీ ముత్తాత స్విండన్‌లో పుట్టినా ఆయన అక్కలూ అన్నలూ వేల్స్‌లో పుట్టి ఉండొచ్చు. 1851 నుంచి ఎవరు ఏ ఊళ్లో పుట్టారో రాశారు కాబట్టి ఒక ఇంట్లో పిల్లల పుట్టిన ఊళ్లు వరసగా చదివితే ఆ కుటుంబం ఎప్పుడు ఎక్కడికి కదిలిందో తెలిసిపోతుంది. ఆయన్ని వదిలేసి ఒక అక్క కోసం వెతకండి.

ప్రెస్టన్ కోడలు:

మా ఆయన వాళ్ల ముత్తవ్వను నేనే వెతికాను, లాంకషైర్ నూలు మిల్లుల మనిషి. ఆ అనుభవంతో ఒకటి చెప్తాను. 1871లో పిల్లలు దొరికినప్పుడు వృత్తి గడిలో "స్కాలర్" అని ఉంటే నిజంగా బడికి వెళ్తున్నట్టే అని పొంగిపోకండి. చాలా ఇళ్లలో పిల్లాడు పనికి వెళ్లకపోతే ఆ మాట రాయించేసేవాళ్లు. మా ముత్తవ్వ పేరు పక్కన పదేళ్ల వయసులో "హాఫ్ టైమర్" అని ఉంది. 1844 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల నుంచే మిల్లులో పెట్టుకోవచ్చు, కానీ సగం రోజు బడికి పంపాలి. పొద్దున ఆరింటికి మిల్లు, మధ్యాహ్నం బడి. మరుసటి వారం తిరగేసి. మధ్యాహ్నం బడిలో ఆ పిల్లలు బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాళ్లని పంతుళ్లు రాసుకున్నారు. మా పాపకు కూడా పదేళ్లే, ఆ గడి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మీ దగ్గర బహుమతి చీటీ ఉంది కదండీ, అది సెన్సస్ కంటే గట్టి ఆధారం. సెన్సస్ పదేళ్లకు ఒక్క రాత్రి మాత్రమే చూస్తుంది, 1871లో అయితే ఏప్రిల్ 2 రాత్రి. ఆ పిల్లాడు రోజూ బడికి వచ్చాడని ఈ చీటీ చెప్తోంది. బడి రిజిస్టరు వెతికించండి.

మాస్టారు నరసాపురం:

నేను ముప్పై నాలుగేళ్లు ఎలిమెంటరీ బడిలో చేసి రిటైరయ్యాను, అందుకని బడి మాట రాగానే ఆగలేకపోతున్నాను. 1870 విద్యా చట్టం వచ్చేవరకు ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడి అన్నది లేదు. ఇంగ్లండ్ చర్చి వాళ్లవి నేషనల్ స్కూళ్లు, మిగతా చర్చిల వాళ్లు పంపుకునేవి బ్రిటిష్ స్కూళ్లు, అక్కడక్కడా కంపెనీలు పెట్టినవి. స్విండన్‌లో రైల్వే కంపెనీ 1845లోనే బడి పెట్టింది. 1870 తర్వాత ఎన్నికైన బోర్డులు బడులు కట్టాయి. తప్పనిసరి చదువు 1880లో వచ్చింది, అదీ పదేళ్ల వయసు వరకే. ఫీజు పోయింది 1891లో. అంటే 1873లో ఆ తల్లి వారం వారం పెన్నీలు చేతిలో పెట్టి పంపి ఉండాలి. ఏ బడో తెలియాలంటే వాళ్లు ఏ చర్చికి వెళ్లేవాళ్లో ఆలోచించండి.

నేషనల్ స్కూళ్ల పద్ధతి పుట్టింది మన మద్రాసులో. ఆండ్రూ బెల్ అనే ఆయన 1789 నుంచి ఎగ్మోర్‌లో సైనికుల అనాథ పిల్లల బడి చూసేవారు. అక్కడొక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టారు, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించారు, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశారు. దాన్ని మద్రాసు పద్ధతి అనే పిలిచారు. 1811లో నేషనల్ సొసైటీ మొదలై దేశమంతా అలాంటి బడులు తెరిచింది. మా నాన్నగారు అరుగు మీద ఇసుకలో దిద్దినవారే. ఇంగ్లండ్ పల్లె పిల్లలు కూడా ఇసుక పళ్లెంలో దిద్దారని చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

లాగ్ బుక్కులు కూడా అడగండి. 1862 నుంచి ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ప్రతి బడిలో హెడ్మాస్టరు బడి సంగతులు రాసే ఆ పుస్తకం నడపాలి. పిల్లల హాజరును బట్టీ, ఇన్‌స్పెక్టర్ వచ్చి పెట్టే చదవడం, రాయడం, లెక్కల పరీక్షను బట్టీ డబ్బు. అందుకే వాళ్లకు హాజరంటే ప్రాణం, అందుకే మీ ముత్తాతకు ఆ పుస్తకం ఇచ్చారు.

స్విండన్‌లో తెలుగోడు:

అన్నా, నేను ఆ ఊళ్లోనే పన్నెండేళ్లుగా ఉంటున్నాను, రోజూ పాత రైల్వే రాతి ఇళ్ల పక్కనుంచే ఆఫీసుకు వెళ్తాను. ఈ జిల్లా పాత రికార్డులు చిప్పెన్‌హామ్‌లో ఉన్న విల్ట్‌షైర్ అండ్ స్విండన్ హిస్టరీ సెంటర్‌లో ఉంటాయి, రైల్లో దగ్గరే. వచ్చే వారం ఒక రోజు సెలవు పెట్టి వెళ్తాను. పుట్టిన సంవత్సరం, తండ్రి పేరు నాకు మెసేజ్ చేయండి.

లాలాగూడ మనవడు:

తమ్ముడూ, ఏం చెప్పను. వివరాలు పంపాను. అమ్మకు చెప్తే "ఆ అబ్బాయికి భోజనం ఎవరు పెడతారు" అని అడిగింది.

మాస్టారూ, వీధి బడి సంగతి అమ్మకు చదివి వినిపించాను. పాతకాగితాలు గారూ, ఇంటిపేరు లేకుండా వెతికితే 140 మంది వచ్చారు, రోజుకు కొన్ని చూస్తున్నాను.

స్విండన్‌లో తెలుగోడు:

వెళ్లొచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ముందే మెయిల్ పెట్టాను కాబట్టి న్యూ స్విండన్ బడుల పుస్తకాల్లో ఆ ఏళ్లవి ఏం మిగిలాయో చూసి పెట్టారు. పెన్ను పట్టుకోనివ్వరు, పెన్సిలే. పుస్తకాన్ని నురుగు దిండు మీద పెట్టి తెరవాలి. మొదటి రెండిట్లో ఎవాన్స్‌లు బోలెడు, మనాయన లేరు. లాగ్ బుక్ ఒకటి తిప్పాను. ఒక పేజీలో "ట్రిప్" కోసం బడి మూసేశామని ఉంది. కార్ఖానా వాళ్లకు ఏడాదికోసారి ఉచిత రైళ్లు వేసి ఊరంతా షికారు వెళ్లేవాళ్లు, 1849లో ఐదొందల మంది ఆక్స్‌ఫర్డ్ వెళ్లడంతో మొదలైందది. నేను వచ్చిన కొత్తలో పక్కింటి తాత చెప్పేవాడు, ఆ వారం స్విండన్‌లో కుక్క కూడా కనబడేది కాదని.

మూడో పుస్తకంలో దొరికారన్నా. చేరిన వాళ్ల రిజిస్టరు. పేజీ అడ్డంగా గళ్లు గళ్లుగా ఉంటుంది: వరస నంబరు, చేరిన తేదీ, పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుడి పేరు, ఇల్లు, ఇంతకుముందు బడి, మానేసిన తేదీ, కారణం. మనాయన వరసలో పుట్టిన తేదీ 1861 ఆగస్టు 19. ఇల్లు కేంబ్రియా ప్లేస్. మానేసింది 1875లో, కారణం గడిలో "ఫ్యాక్టరీకి వెళ్లాడు" అని రెండు మాటలు. నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది కానీ చక్కగా కనబడుతోంది.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. పిల్లాడి పేరు ఎవాన్స్ అనే ఉంది, సంరక్షకుడి గడిలో మాత్రం వేరే ఇంటిపేరు ఉంది. మొదటి పేరు కూడా మీరు పంపిన తండ్రి పేరు కాదు. వేరే మనిషి పుస్తకం తీశానేమో అని టెన్షన్ వచ్చింది. ఆ పేరు మీకు మెసేజ్‌లో పంపాను.

పాతకాగితాలు:

వేరే మనిషి కాదు! అన్నయ్యా, మీ ముత్తాత నాన్న పోయి, ఆ తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నట్టుంది. లెక్కలవాడు ఇంటి యజమాని ఇంటిపేరు ఒకసారి రాసి కింద పిల్లలందరికీ "డిట్టో" గుర్తు పెట్టేసేవాడు. ఎవాన్స్ అనే పేరుతో మీరు వందేళ్లు వెతికినా దొరకరు. ఆ రెండో ఇంటిపేరుతో ఇప్పుడే వెతకండి.

లాలాగూడ మనవడు:

దొరికారు. రాత్రి ఒంటిగంటన్నర అయింది, అందర్నీ లేపాను.

1871, కేంబ్రియా ప్లేస్. ఇంటి యజమాని విల్ట్‌షైర్‌లోనే ఒక పల్లెలో పుట్టినవాడు, కార్ఖానాలో కూలీ. భార్య, పుట్టింది ట్రెడెగార్. తర్వాత 12 ఏళ్ల అమ్మాయి, ట్రెడెగార్. తర్వాత మా ముత్తాత పేరు, 9 ఏళ్లు, స్విండన్. ఆ కింద ఏడాది పాప, స్విండన్. పాతకాగితాలు గారు చెప్పినట్టే ఆ ఊళ్లు వరసగా చదువుకుంటూ వచ్చాను. అందరికీ ఇంటిపేరు దగ్గర డిట్టోలే. కానీ సంబంధం గడిలో మా ముత్తాతకు "సన్ ఇన్ లా" అని ఉంది, అక్కకు "డాటర్ ఇన్ లా". తొమ్మిదేళ్ల పిల్లాడు అల్లుడేమిటండీ? ఇది మళ్లీ తప్పు దారేనా? చేతులు వణుకుతున్నాయి.

పాతకాగితాలు:

కాదన్నయ్యా, అదే మీకు కావాల్సిన రుజువు. ఆ రోజుల్లో సన్ ఇన్ లా అనే మాటను సవతి కొడుక్కి కూడా వాడేవాళ్లు. పెళ్లి వల్ల కొడుకైనవాడని అర్థం, ఇక్కడ తల్లి పెళ్లి వల్ల. ఏడాది పాప మాత్రం మామూలుగా "డాటర్" అని ఉండాలి, చూడండి. ఆ పాప ఒక్కతే ఆయన సొంత కూతురు.

ఇప్పుడు వరసగా చేయండి. 1861 ఆగస్టు తర్వాత, 1870 లోపు ఆ తల్లి రెండో పెళ్లి. ఆ కాగితంలో ఆవిడ వితంతువని ఉంటుంది, ఆవిడ తండ్రి పేరు ఉంటుంది, పుట్టింటి పేరు ఏమిటో దాన్నిబట్టి తెలుస్తుంది. దానితో పుట్టుకల సూచీలో సరిచూసుకుని ఈసారి సర్టిఫికెట్ తెప్పించండి. తేదీ బడి రిజిస్టరుతో కలవాలి. తర్వాత 1861 సెన్సస్, ఏప్రిల్ 7. ముత్తాత ఇంకా కడుపులో ఉన్నారు, కాబట్టి అక్క కోసం వెతకండి. ట్రెడెగార్‌లో దొరుకుతుందో, అప్పటికే స్విండన్‌లో ఉందో చూడాలి.

ప్రెస్టన్ కోడలు:

రాత్రి చదివి ఏడ్చేశానండీ. ఇద్దరు పిల్లల తల్లి, భాష కూడా వేరైన ఊరు, మొగుడు పోయాడు. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోకపోతే పిల్లలు వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలను ఉంచే చోటు) బడిలో ఉండేవాళ్లేమో. మొదటాయన చావు సర్టిఫికెట్ కూడా తెప్పించండి, కారణం రాస్తారు. రోలింగ్ మిల్లులో ప్రమాదమైతే విచారణ జరిగి స్థానిక పేపర్లో వచ్చి ఉంటుంది.

మాస్టారు నరసాపురం:

ఆ రిజిస్టరు రాసిన పంతులికి నా నమస్కారం. ఇంట్లో అందరూ ఒక పేరుతో పిలుస్తున్నా, లెక్కలవాడు ఇంకో పేరు రాసుకున్నా, ఆయన పిల్లాణ్ని అడిగి పిల్లాడు చెప్పిన పేరే రాశాడు. మేము కూడా అడ్మిషన్ రోజున ఆ గడి దగ్గర ఆగి, పిల్లవాడి మొహం చూసి రాసేవాళ్లం.

లాలాగూడ మనవడు:

నాలుగు వారాలైంది. కాగితాలు వచ్చాయి. పెళ్లి 1868లో. పుట్టిన సర్టిఫికెట్లో తేదీ 1861 ఆగస్టు 19, రిజిస్టరుతో రోజుతో సహా కలిసింది. ఆవిడ పుట్టింటి పేరు దొరికింది. ఈసారి అమ్మకు రెండుసార్లు సరిచూసుకున్నాకే చెప్పాను. అమ్మ ఆ పేరు నాలుగైదుసార్లు పలికి చూసుకుంది, నోటికి తిరగలేదు, మళ్లీ పలికింది. సంతకం గడిలో ఆవిడ గుర్తు ఉంది, చిన్న ఇంటూ. చదువు రాని తల్లి ఆ పిల్లాణ్ని రోజూ బడికి పంపింది.

మొదటాయన చావు కాగితం ఇంకా రాలేదు, 1867 అని సూచీలో చూశాను, వయసు 31.

మాస్టారు రాసింది చదివాక నాకు ఆ బహుమతి చీటీ గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని, మా అబ్బాయి ఫోను లైటు పక్కనుంచి వేశాడు, నేను భూతద్దం పెట్టి చూశాను. పురుగు కొట్టలేదు. ఇంటిపేరు ఉన్నచోట కాగితాన్ని బ్లేడు లాంటి దానితో జాగ్రత్తగా గీకారు. కింద పాత సిరా మరక కొంచెం మిగిలింది, మొదటి అక్షరం సవతి తండ్రి ఇంటిపేరుదే, దాని తోక కూడా కనబడుతోంది. దాని మీద "ఎవాన్స్" అని రాసి ఉంది. మొదటి పేరు రాసిన చెయ్యి వేరు, ఇది వేరు. అక్షరాలు గుండ్రంగా, గీత మీద నిలబడటానికి కష్టపడుతున్నట్టు ఉన్నాయి. గీకిన కాగితం మీద కదా, సిరా చుట్టూ పాకింది.

ఫోటో తీసి తమ్ముడికి పంపాను, చిప్పెన్‌హామ్ వాళ్లకు చూపిస్తానన్నాడు. పుస్తకం అమ్మ తన మంచం పక్కన పెట్టుకుంది.